గోదావరి డెల్టా: అడగని విగ్రహాలు, అడిగిన పేరు

చరిత్రను మనం రెండు చోట్ల చదువుకుంటాం. ఒకటి తరగతి గది, రెండోది వీధి. తరగతి గదిలో చదివింది పరీక్ష అయిన మర్నాడు మరిచిపోవచ్చు. వీధిలో చదివింది అలా పోదు. నాలుగు రోడ్ల కూడలిలో నిలబెట్టిన విగ్రహం, ఆనకట్టకు పెట్టిన పేరు, ప్రదర్శనశాల గోడమీది పటం, జయంతినాడు వేసే దండ, జిల్లా పేరు రాసిన బోర్డు – ఇవి అక్షరం రాని మనిషికి కూడా పాఠం చెబుతాయి. దీన్ని బహిరంగ చరిత్ర అందాం. ఈ రచనకు కర్త పేరు ఉండదు. సమీక్షకుడు అసలే ఉండడు. కథను, కవితను విమర్శించినంత శ్రద్ధగా మన విమర్శకులు దీన్ని విమర్శించలేదు. ఆ పని ఎంత అవసరమో గోదావరి డెల్టా 2022లో చూపించింది.

ఆ సంవత్సరం ఏప్రిల్ 4న రాష్ట్రంలో కొత్త జిల్లాలు ఏర్పడ్డాయి. అమలాపురం కేంద్రంగా ఏర్పడిన కోనసీమ జిల్లాకు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు చేర్చదలచినట్టు ప్రభుత్వం మే నెలలో ప్రకటించింది. మే 24న అమలాపురంలో దానికి వ్యతిరేకంగా జరిగిన ప్రదర్శన దౌర్జన్యంగా మారింది. ఒక మంత్రి ఇల్లు, ఒక శాసనసభ్యుడి ఇల్లు తగలబడ్డాయి. బస్సులు కాలాయి. రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. సరిగ్గా 41 రోజుల తర్వాత, జూలై 4న, అదే డెల్టాలోని భీమవరంలో అల్లూరి సీతారామరాజు 30 అడుగుల కంచు విగ్రహాన్ని ప్రధానమంత్రి ఆవిష్కరించారు. జనం చప్పట్లు కొట్టారు. ఇక కాటన్ దొర సంగతి చెప్పనే అక్కరలేదు. ఏటా మే 15న, ఆయన పుట్టినరోజున, డెల్టాలో ఆయన విగ్రహాలకు దండలు పడుతూనే ఉన్నాయి.

కాటన్ ఇంగ్లీషువాడు. సీతారామరాజు పోరాడింది డెల్టాలో కాదు, మన్యంలో. అంబేద్కర్ మధ్యభారతంలో పుట్టి బొంబాయిలో పనిచేసినవాడు. ముగ్గురూ ఒక అర్థంలో బయటివాళ్ళే. అయినా ఇద్దరిని నెత్తిన పెట్టుకున్న డెల్టా మూడో పేరు దగ్గర భగ్గుమంది. “ఆయనకు ఈ గడ్డతో ఏం సంబంధం?” అన్న ప్రశ్న ఆనాడు చాలామంది నోట వినబడింది. ఆ ప్రశ్న కాటన్‌ను ఎందుకు అడగలేదు? సమాధానం ఆ ముగ్గురిలో లేదు. ఆ విగ్రహాలు, ఆ పేరు మనల్ని ఏం అడుగుతున్నాయన్న దానిలో ఉంది.

కాటన్ విషయంలో ఒప్పుకోవలసినవి మొదట ఒప్పుకుందాం. 1832–33 నాటి నందననామ సంవత్సరపు కరువు తీరాంధ్రను పీల్చి పిప్పిచేసింది. 1839లో ఉప్పెన కోరంగిని ముంచింది. 1844లో మాంట్‌గోమరీ అనే అధికారి రాజమండ్రి జిల్లా దుస్థితిమీద నివేదిక ఇచ్చాడు. ఆ నేపథ్యంలోనే ఆర్థర్ కాటన్ పథకానికి కుంపిణీ ప్రభుత్వం ఒప్పుకుంది. 1847లో మొదలైన ఆనకట్ట 1852కి పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం – నాలుగు పాయలమీద నాలుగు ముక్కలుగా కట్టిన ఆ కట్టడం ఆకలి నేలను అన్నపు గిన్నె చేసింది. 1982 నాటికి దాని స్థానంలో 175 తలుపుల బారేజీ పూర్తయింది. దానికీ కాటన్ పేరే పెట్టుకున్నాం. ఈ కృతజ్ఞతను వెక్కిరించటం విమర్శ అనిపించుకోదు.

కాని కృతజ్ఞత చరిత్రకు ప్రత్యామ్నాయం కాదు. 1853 జూన్‌లో న్యూయార్క్ పత్రికకు రాసిన వ్యాసంలో మార్క్స్, బ్రిటిష్‌వారు భారతదేశంలో ప్రజోపయోగమైన పనులను బొత్తిగా నిర్లక్ష్యం చేశారని ఎత్తిచూపాడు. ధవళేశ్వరం ఆనకట్టకు అప్పటికి ఏడాది వయసు. ఈ రెండు విషయాలు ఒకదాన్నొకటి ఖండించుకోవు. కాటన్ జీవితమంతా పోట్లాడింది కూడా ఆ నిర్లక్ష్యం మీదనే. 1878లో పార్లమెంటు విచారణ సంఘం ముందు నిలబడి తన వాదాన్ని సమర్థించుకోవలసి వచ్చింది. ఆయన వాదంలో దయ ఉంది, లెక్క కూడా ఉంది. పెట్టిన సొమ్ము శిస్తు రూపంలో ఎన్ని రెట్లై తిరిగివస్తుందో కుంపిణీకి కూడికలు వేసి చూపాడు. తన విద్యలో కొంత కావేరిమీద పూర్వులు కట్టిన కట్టడాలను చూసి నేర్చుకున్నదేనని కూడా ఆయనే ఒప్పుకున్నాడు. ఇంత సంక్లిష్టమైన మనిషిని, ఇంత వైరుధ్యమున్న కాలాన్ని మన బహిరంగ చరిత్ర ఒకే ఒక్క మాటకు కుదించింది: అపర భగీరథుడు.

సాహిత్య విద్యార్థులు ఈ ఉపమానాన్ని కాస్త ఆగి చూడాలి. పురాణంలో భగీరథుడు తపస్సు చేస్తే గంగ దిగివచ్చింది. రాయి మోసినవాడు ఆ కథలో లేడు, సున్నం నూరినవాడు లేడు, మట్టి తవ్వినవాడు లేడు. పెట్టుబడి లేదు, శిస్తు లేదు, రాజ్యం లేదు. ఉన్నది మహాపురుషుడూ, దిగివచ్చే నీరూ. కాటన్‌ను భగీరథుడనటంతో ఆనకట్ట కట్టిన వేలమంది చేతులు ఒక్కసారిగా మాయమయ్యాయి. వారి వెనుకనున్న కుంపిణీ ఖజానా కూడా మాయమైంది. ఒక అలంకారం ఇంత పని చేయగలదు. అలంకారశాస్త్రం చదువుకున్నవాళ్ళం, దీన్ని మనం గుర్తించకపోతే మరెవరు గుర్తిస్తారు?

పనివారిని కూడగట్టి, కాటన్‌కు కుడిభుజంగా నిలిచిన వీణెం వీరన్న పేరు ఇంజనీరింగ్ చరిత్ర చదివిన కొద్దిమందికి తెలుసు. ఆయన కింద పనిచేసిన వడ్డరి, ఉప్పరి, మాల, మాదిగ కూలీలలో ఒక్కరి పేరూ మనకు తెలియదు. ధవళేశ్వరంలోని కాటన్ ప్రదర్శనశాలలో పనిముట్లు ఉన్నాయి, పటాలు ఉన్నాయి, నమూనాలు ఉన్నాయి. పనిముట్టును చూపే చరిత్ర ఆ పనిముట్టు పట్టిన చేతిని చూపటం మరిచిపోయింది.

ఆనకట్ట పూర్తయిన ఆరేళ్ళకు, 1858లో, మద్రాసు రాజధానిలో ఒక చట్టం వచ్చింది. ఏటి కట్టలకు, కాలువలకు, చెరువులకు గండ్లు పడే ప్రమాదం వస్తే గ్రామంలో కూలిచేసి బతికేవారిని నిర్బంధంగా పనికి రప్పించే అధికారాన్ని ఆ చట్టం ఇచ్చింది. నీరు పారించే వ్యవస్థకూ నిర్బంధ శ్రమకూ ఉన్న ఈ బంధుత్వం ఏ విగ్రహం పీఠంమీదా చెక్కబడలేదు. నీరు పొలానికి వచ్చింది సరే, పొలం ఎవరిది? శిస్తు కట్టే రైతు బాగుపడ్డాడు, వాడి బిడ్డ చదువుకున్నాడు, పట్నంలో సినిమాహాలు, బియ్యం మిల్లు కట్టాడు. మోకాలి లోతు బురదలో నాట్లు వేసిన పాలేరు మాత్రం గింజల కూలికి, పెట్టుబడిదారుడి అప్పుకు కట్టుబడి గట్టుమీదనే మిగిలాడు. డెల్టా చరిత్ర అంటే ఈ రెండు జీవితాల చరిత్ర. మన కూడళ్ళలో ఉన్నది మొదటిది మాత్రమే.

ఈ మిగిలిపోయిన చరిత్రకు సముద్రం అవతల సాక్ష్యం ఉంది. అన్నపూర్ణ అనిపించుకున్న ఈ నేలనుంచే వేలకొలది జనం కాకినాడ, కోరంగి రేవుల్లో ఓడ ఎక్కి రంగూన్ వెళ్ళారు. రేవుల్లో మూటలు మోశారు, మిల్లుల్లో చాకిరీ చేశారు. అక్కడ తెలుగు కూలీకి ‘కోరంగి’ అన్నదే పేరైంది. మారిషస్‌లోనూ ఆ మాట నిలిచిపోయింది. 1930 మే నెలలో రంగూన్ రేవులో పనికోసం బర్మా కూలీలకూ తెలుగు కూలీలకూ మధ్య పెట్టిన చిచ్చులో మనవాళ్ళు ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1942లో జపాను దాడి వచ్చినప్పుడు మిగిలినవాళ్ళు కొండలు, అడవులు దాటి కాలినడకన తిరిగివచ్చారు. ఆనకట్ట కట్టాక కూడా ఎందుకు పోవలసి వచ్చింది? కాటన్ విగ్రహం ఈ ప్రశ్న అడగదు. అందుకే అది మనకు ఇంత హాయిగా ఉంటుంది.

ఇక అల్లూరి విగ్రహం. మన్యంలో 1922 ఆగస్టులో చింతపల్లి ఠాణామీద దాడితో మొదలై 1924 మేలో ఆయన్ని కాల్చిచంపటంతో చల్లారిన ఆ పితూరీ బ్రిటిష్ సామ్రాజ్యం మీద తిరుగుబాటు. అందులో సందేహం లేదు. కాని భీమవరం వీధిలో నిలబడి చూసేవాడికి అది తెల్లవాడిమీద తెలుగువాడి పోరాటం అన్నంతవరకే కనిపిస్తుంది. మన్యం జ్ఞాపకం అంతకంటె పాతది, అంతకంటె చేదైనది. 1879లో రంప ప్రాంతంలో కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య మొదలైనవాళ్ళు లేచినప్పుడు కారణాలు ఏమిటి? కల్లుమీద వేసిన పన్ను, మన్సబ్‌దారు దోపిడి. వాటితోపాటు మరొకటి – మైదానంనుంచి కొండెక్కిన వర్తకులు కోర్టు డిక్రీలు తెచ్చి గిరిజనుల గొడ్డూగోదా తోలుకుపోవటం. ఆ మైదానం ఏది? అది మనదే. 1922లో రోడ్డు పనికి గిరిజనులను వెట్టికి తోలిన తహసీల్దారు బాస్టియన్ పేరు కథలో నిలిచింది. డెల్టా వడ్డీవ్యాపారి పేరు నిలవలేదు.

గాం గంటందొర, మల్లుదొర సోదరులు లేకుండా ఆ పోరాటం లేదు. ఉరిశిక్ష తప్పి బతికి బయటపడ్డ మల్లుదొర 1952లో తొలి లోక్‌సభకు విశాఖపట్నంనుంచి ఎన్నికయ్యాడు. వారి పేర్లు ఎన్ని కూడళ్ళలో ఉన్నాయో లెక్కపెట్టటానికి వేళ్ళు చాలు. కొండవాళ్ళ పోరాటాన్ని మైదానపు వీరుడి కథగా మార్చుకున్నాక మనకు అందులో గర్వపడటం తప్ప జవాబు చెప్పుకోవలసింది ఏమీ మిగలలేదు. సీతారామరాజు త్యాగాన్ని తక్కువ చేయటం నా ఉద్దేశం కాదు. ఆ త్యాగాన్ని మనం ఎంత చౌకగా వాడుకుంటున్నామో చెప్పటమే ఉద్దేశం.

ఇప్పుడు అమలాపురానికి వద్దాం. అంబేద్కర్ పేరు పై రెండింటిలా కాదు. అది ఎదురుగా నిలబడి ప్రశ్న వేస్తుంది. నీ ఊళ్ళో పేట ఎక్కడుంది, నీ చెరువు ఎవరిది, నీ గుడి మెట్టు దగ్గర ఎవరు ఆగిపోయారు, నీ పొలంలో దిగుబడి ఎవరి చెమట – అని అడుగుతుంది. ఈ అడగటమే సంబంధం. అంబేద్కర్‌కు కోనసీమతో ఏం సంబంధమని అడిగినవాళ్ళకు కోనసీమ పేటల్లో ప్రతి ఇంటి గోడా జవాబు చెబుతుంది. ఆ ఇంటినుంచి మొదటిసారి హాస్టలుకు పోయిన పిల్లవాడు జవాబు చెబుతాడు. అమలాపురం పార్లమెంటు స్థానం షెడ్యూల్డు కులాలకు కేటాయించబడింది. ఓటు వేయించుకోవటానికి పనికివచ్చిన వాళ్ళ చరిత్ర బోర్డుమీద పేరుగా రావటానికి పనికిరాకపోవటంలోని వైరుధ్యం ఎంత దాచినా దాగేది కాదు.

ఎదుటి వాదాన్ని కూడా న్యాయంగా చూద్దాం. కోనసీమ అన్న మాట అందమైనది, ప్రజల నోట నలిగినది, దానిమీద మమకారం తప్పు కాదు. అయితే ఆ మాటను ఎవరూ తీసివేయలేదు. ‘డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ’ అన్న పేరులో కోనసీమ అలాగే ఉంది. కోపం పోయినదాన్ని గురించి కాదు, పక్కన వచ్చి కూర్చున్నదాన్ని గురించి. పక్కన కూర్చోవటం దగ్గరే ఈ దేశంలో అసలు తగాదా అని వేరే చెప్పాలా? పాలకుల తప్పు కూడా ఉంది. జిల్లాలు ప్రకటించిన రోజున చేయగలిగిన పనిని వాయిదావేసి, ఆ పేరు ఎందుకో ఊరూరా చెప్పకుండా, ఒక ప్రకటనతో తెచ్చారు. పేరు పెట్టటం ప్రభుత్వ ఉత్తర్వుతో అయిపోతుందనుకోవటం భ్రమ. చరిత్ర బోధించని చోట బోర్డు ఒక్కటే బోధించలేదు. చివరికి పేరు నిలిచింది. దాని వెనుక ఉండవలసిన సంభాషణ మాత్రం ఇంకా జరగలేదు.

ఆ సంభాషణను మన సాహిత్యం చాలాకాలం క్రితమే మొదలుపెట్టింది. గరిమెళ్ళ సత్యనారాయణ ‘మాకొద్దీ తెల్లదొరతనము’ ఆంధ్రదేశమంతా మారుమోగిన రోజుల్లోనే రాజమండ్రికి చెందిన కుసుమ ధర్మన్న ‘మాకొద్దీ నల్లదొరతనము’ రాశాడు. తెల్లదొర వెళ్ళినంత మాత్రాన నాకు విముక్తి లేదని మాలపేటనుంచి వచ్చిన ఆ గొంతు చెప్పింది. ఆయన ‘జయభేరి’ పత్రిక నడిపాడు. మొదటి పాట పాఠ్యపుస్తకంలోకి, సభల్లోకి, స్వాతంత్ర్య దినోత్సవాల్లోకి నడిచివచ్చింది. రెండోది చాలాకాలం పరిశోధకుల అలమరాలో ఉండిపోయింది. కోనసీమలోని మామిడికుదురులో 1911లో పుట్టిన బోయి భీమన్న ‘పాలేరు’ నాటకంలో డెల్టా పొలంలోని రెండో జీవితాన్ని రంగస్థలం ఎక్కించాడు. ఆ నాటకం చూసి బడిలో చేరామని చెప్పినవారు ఉన్నారు. ఆయన ‘గుడిసెలు కాలిపోతున్నాయి’కి 1975లో సాహిత్య అకాడమీ బహుమానం వచ్చింది. కాలటం అన్నది ఈ నేలకు ఎంత పాత అనుభవమో ఆ పేరే చెబుతుంది.

ఇక్కడ మనం కూడా ఆత్మవిమర్శ చేసుకోవాలి. అభ్యుదయ రచయితలమని చెప్పుకున్నవాళ్ళం గోదావరిని గురించి ఎంత రాశాం! పచ్చని చేలు, కొబ్బరితోట, లాంచీ రేవు, పడవ పాట – ఎన్ని పుటలు! ఆ పచ్చదనం వెనుక శ్రమ ఉందని అన్నాం. అయితే ఆ శ్రమకు కులం ఉందని చెప్పవలసిన చోట తరచు ‘రైతుకూలీ’ అన్న ఒక్క మాటతో సరిపెట్టాం. శ్రామికుడిని గౌరవించాం, అతని పేట పేరు చెప్పలేదు. అందువల్లనే 2022లో మనలో చాలామంది ఖండన ప్రకటన మీద సంతకం పెట్టగలిగారు. దానికి ముందే రాసి ఉండవలసిన కథలు మాత్రం చూపలేకపోయారు.

అయితే ఏం చేయాలి? విగ్రహాలు కూలగొట్టటం జవాబు కాదు. 2011 మార్చి 10న హైదరాబాదు టాంకుబండ్ మీద విగ్రహాలు కూలినప్పుడు శ్రీశ్రీ, జాషువా కూడా కూలారు. ఒక ప్రాంతపు జ్ఞాపకాన్ని ఏళ్ళ తరబడి పట్టించుకోకపోతే కోపం ఎంత గుడ్డిదవుతుందో అది చూపింది. ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో మరో దారి తొక్కారు. 2020 జూన్‌లో బానిసల వర్తకుడు కోల్‌స్టన్ విగ్రహాన్ని జనం పీకి నీళ్ళలో పడేశారు. దాన్ని పైకి తీసి, మరుసటి ఏడాది, పూసిన రంగు కడగకుండా, నిలబెట్టకుండా, పడుకోబెట్టే ప్రదర్శనశాలలో ఉంచి, ఏం చేయాలో చెప్పమని పౌరులనే అడిగారు. కాటన్ కోల్‌స్టన్ కాడు, అతన్ని పడుకోబెట్టవలసిన పని లేదు. నేర్చుకోవలసింది ఒకటే. బహిరంగ చరిత్ర తీర్పు చెప్పి ఊరుకోరాదు, చూసేవాడిని ప్రశ్నకు నిలబెట్టాలి.

ధవళేశ్వరం ప్రదర్శనశాలలో ఒక గది కూలీలకు ఇవ్వమని అడుగుదాం. అందులో 1858 చట్టం ప్రతి పెట్టమందాం. కోరంగిలో, కాకినాడ రేవులో రంగూన్ ఓడలను గుర్తుచేసే ఒక రాయి నాటమందాం. భీమవరం విగ్రహం పక్కన తమ్మన్నదొర, చంద్రయ్య, గంటందొర, మల్లుదొర పేర్లు చెక్కమందాం. ఇవి ప్రభుత్వాన్ని అడగవలసినవి. మనం చేయవలసినది వేరే ఉంది. డెల్టా కళాశాలల్లో తెలుగు చదివే విద్యార్థి తన ఊరి పేటలో డెబ్బై ఏళ్ళు దాటిన పాలేరు దగ్గర కూర్చుని అతను చెప్పింది చెప్పినట్టు రాసుకోవాలి – కూలి ఎన్ని కుంచాలో, బర్మా పోయిన తాత ఎవరో, బడిలో ఏ మూల కూర్చోబెట్టారో. పరిశోధన పట్టాకు అది సరిపోదని చెప్పే ఆచార్యులు ఉంటే వారితో వాదించాలి.

ఇది గతానికి సంబంధించిన పని మాత్రమే కాదు. ధవళేశ్వరానికి ఎగువన పోలవరం లేస్తోంది. ప్రభుత్వ లెక్కల ప్రకారమే లక్ష పైచిలుకు కుటుంబాలు ఊళ్ళు వదలాలి. వారిలో కోయలు, కొండరెడ్లు ఎందరో! దిగువకు నీరు వస్తుంది, మరోసారి పచ్చదనం వస్తుంది. మరోసారి ఎవరో ఒకరిని భగీరథుడంటారు. ఆ రోజున పీఠంమీద చెక్కే అక్షరాల్లో మునిగిన ఊళ్ళ పేర్లు ఉంటాయా? ఆ పేర్లను ఇవాళే రాసిపెట్టుకోకపోతే, నూట డెబ్బై ఏళ్ళ తర్వాత మన మనుమలు కూడా దండ వేసి, నమస్కరించి, ఏమీ అడగకుండా ఇంటికి వెళతారు. తాతలు చేసింది అదే. మనం చేస్తున్నదీ ఇంతవరకు అదే.